నుమాయిషును చింతగింజ జిగురును

1956వ సంవత్సరము తొలి మాసములలో, హైదరాబాదు రాష్ట్రము ఇంకను ఒక్క రాష్ట్రముగనే నిలిచియుండి, ఆ యేడు తిరుగకమునుపే మూడు ముక్కలు కానున్నదని మావంటి పిల్లలకు తెలియని ఆ చలిదినములలో, మా నాయన ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని తార్నాకనుండి నాంపల్లిలోని నుమాయిషు అను వస్తుప్రదర్శనమునకు బయలుదేరెను. అమ్మ పులిహోర మూట కట్టెను. అక్క కొత్త పరికిణీ కట్టుకొనెను. సంక్రాంతికి భువనగిరి ప్రాంతపు పల్లెనుండి వచ్చి మా యింట నిలిచియున్న నాయనమ్మ, "అంగడికి పోతందుకు గింత సంబురమేంది బిడ్డా, మనూరి అంగడి సూడలేదా" అని మందలించెనే గాని, అందరికంటె ముందుగా చెప్పులు తొడుగుకొని వాకిట నిలుచున్నదియు ఆమెయే.

నాంపల్లి మైదానము 23 ఎకరముల విశాలస్థలము. ద్వారము దాటినంతనే దీపతోరణములు, ధ్వనివర్ధకములలో పాటలు, మిఠాయిల నేతివాసన, ఆకాశము నంటుచున్నట్లు మాకు తోచిన రంగులరాట్నము, ఇవియన్నియు ఒక్కసారిగా మీదబడి మా కన్నులను నాలుగు దిక్కులకు లాగుచుండగా, నాయనమ్మ ఒక చిన్న అంగడి ముందర నిలిచి కదలకపోయెను. అది నిర్మల బొమ్మల అంగడి. వెనుకభాగమున చాపమీద కూర్చున్న నడివయసు పనివాడొకడు, ఇంకను రంగు పడని జింకబొమ్మ నొకదానిని ఒడిలో నుంచుకొని, మెడయు మొండెమును కలిసినచోట బూడిదవన్నె ముద్ద నొకదానిని బొటనవ్రేలితో అద్ది, అతుకు కనబడకుండునట్లు నునుపుచేయుచుండెను. నాయనమ్మ వంగి, చాచిన వ్రేలితో ఆ ముద్దను తాకి, వాసన చూచి, "గిదేంది నాయనా, చింతగింజల జిగురు గాదా?" అని యడిగెను.

పనివాడు తల యెత్తెను. "అవునమ్మా. చింతగింజల పిండి, రంపపు పొట్టు. మీకెట్ల తెలిసె?"

"వాసనకు తెలువదా? మా ఊర్ల కురుమోల్లు గొంగల్లకు గిదే గంజి పెడ్తరు."

ఆ తరువాత వారిరువురును గింజలను ఎంతసేపు నానవేయవలెను, పై పొట్టు ఎట్లు పోవును, వేచిన గింజ మేలా పచ్చిగింజ మేలా యను విచారణలో పడి, మేము రాట్నమెక్కుటకు కాలు నిలువక తొందరపడుచున్నను వినిపించుకొనలేదు. బొమ్మ కొనుటకు వచ్చినవారు పక్కనుండి ధర యడిగి పోవుచుండిరి. ఆ పనివానికి ఆనాడు దొరికిన వారిలో తన పనిని గుర్తుపట్టినది మా నాయనమ్మ యొక్కతెయే యని నాకు పెద్దవాడనైన పిమ్మట తోచినది. నుమాయిషు చరిత్రను నేను చదువ మొదలిడినది ఆ బూడిదవన్నె ముద్ద మూలముననే.

చింతపండు ఒలుచుట మా పల్లెలో ఒక ఋతువు. మాఘఫాల్గునములలో చెట్టు దులిపి, కాయలను ఎండబోసి, వాడకట్టులోని ఆడువారందరును ఒక పంచలో గుమిగూడి, పెంకు తీసి, ఈనెలు లాగి, రాతిమీద కొట్టి గింజ రాల్చుచుండిరి. పండు ఉప్పుతో కుండలకెక్కును. పెంకులు పొయ్యి క్రిందికి పోవును. గింజలలో కొన్ని పిల్లల వామనగుంటలకు, కొన్ని వేపుకొని నమలుటకు, మిగిలినవన్నియు మూలనున్న పెద్ద బానలోనికి. వానకాలమునకు ముందు కురుమవారు వచ్చి కొలుచుకొని పోవుచుండిరి. నల్లగొర్రెల బొచ్చును వారి యిండ్ల ఆడువారు వడికిన పిమ్మట, గుంటమగ్గమున కెక్కు పడుగునకు కుంచెతో ఈ గింజల గంజిని పట్టించనిదే పోగు నిలువదు. ఆ గొంగళియే వానకు గొడుగు, చలికి దుప్పటి, ధాన్యమునకు సంచి, పెండ్లిలో పీట, పొలముగట్టున పడక. ఒక గింజను పారవేయకపోవుటవలన ఎన్ని అవసరములు తీరినవో గమనింపుడు.

గింజ ప్రయాణము అక్కడ ఆగలేదు. చేర్యాల నకాషీలు, కులపురాణములను పాడి బ్రతుకు గాయకులకొరకు పటము వ్రాయునపుడు, ముతక ఖాదీగుడ్డకు బియ్యపు గంజి, సుద్ద, చింతగింజల జిగురు కలిపి పూతమీద పూత పట్టించి, ఆరబెట్టి, నునుపుచేసి, ఆ పిదపనే కుంచె పట్టుదురు. వారు చేయు మొగముల బొమ్మలకును ఆ గింజల పిండియు రంపపు పొట్టే మాంసము. కృష్ణాతీరమున కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేయువారు ఈ ముద్దకే "మక్కు" అని పేరు పెట్టుకొనిరి. నిర్మలలోని పొణికికర్ర జింకకును కొండపల్లిలోని అంబారీ యేనుగునకును నడుమ వందల మైళ్ళున్నను, వాటి అవయవములను అతికి నిలిపినది మన వంటయింటి బానలోని గింజయే. రెండవ ప్రపంచయుద్ధకాలమున బట్టల మిల్లులవారును జనపనార మిల్లులవారును నూలుగంజికి పిండిపదార్థములు దొరకక వెదకి వెదకి, తుదకు చింతగింజల పిండినే యంత్రములపాలు చేసికొనిరి. కురుమవారికి తరతరములుగా తెలిసిన సంగతి శాస్త్రజ్ఞుల కంటబడుటకు యుద్ధము రావలసివచ్చినది.

చేతిపనులు రాజుల కొలువులో పుట్టినవని మన పుస్తకములు చెప్పును. కొన్ని యట్లే పుట్టినవి, నిజమే. కాని అధికభాగము ఇంటి పొదుపునుండి, ఏమియు వృథా కానీయని గృహిణి చేతినుండి పుట్టి, తరువాత కొలువునకు పోయినవని నా విశ్వాసము. నుమాయిషు కథలో నాకు ప్రియమైన భాగమేదనగా, ఈ సంగతిని లెక్కకు తెచ్చుటకు ఒక తరము పట్టభద్రులు పూనుకొనుట.

మా తార్నాకకు పడమటనున్న ఆడిక్‌మెట్టు భూములు ఒకప్పుడు మహలఖాబాయి చందా యను కవయిత్రి జాగీరు. అక్కడ లేచినదే ఆ పట్టభద్రులు చదివిన ఉస్మానియా విశ్వవిద్యాలయము. 1917 ఏప్రిలులో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మానా వెలువడెను. మరుసటి సంవత్సరము విశ్వవిద్యాలయము స్థాపితమై, 1919లో అద్దె భవనములలో తరగతులు మొదలయ్యెను. ఉన్నత విద్యను ఆంగ్లమునకు మారుగా ఒక దేశభాషలో, ఉర్దూలో, చెప్పిన తొలి భారతీయ విశ్వవిద్యాలయ మిది. శాశ్వతమైన ఆవరణమునకు స్థలము నెన్నుటలో సలహా చెప్పినవారిలో స్కాట్లండువాడగు పాట్రిక్ గెడ్డీసు ఒకడు. నగరనిర్మాణమునకు ముందు ఆ ప్రదేశమును, అక్కడి పనులను, అక్కడి జనమును కూలంకషముగా పరిశీలింపవలెనని జీవితమంతయు బోధించిన వాడాయన. స్థలము, పని, జనము అను ఆ మూడింటిని విడదీయరాదన్నది ఆయన సిద్ధాంతము. ఆయన మాట ఆ పట్టభద్రుల చెవిని పడినదో లేదో గాని, ఆయన నడచిన నేలమీద చదివినవారే ఇరువది యేండ్లలోపున ఆ పని తలపెట్టిరి.

ఆర్ట్సు కళాశాల భవనమునకు 1934లో పునాది పడినది. 1939 డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగినది. ఈ రెంటి నడుమ అయిదేండ్లకు పైగా ఆ మెట్టమీద ఉలిచప్పుడు ఆగలేదు. గులాబివన్నె శిలలను చెక్కి, అజంతా ఎల్లోరాల స్తంభములను జ్ఞప్తికి తెచ్చు కంబములపై అరబ్బీ తోరణములను నిలిపిన శిల్పులు ఎవరో, ఏయే ఊళ్ళనుండి వచ్చిరో, వారి పేరు లెక్కడను చెక్కియుండలేదు. బెల్జియముదేశపు వాస్తుశిల్పి జాస్పరు పేరు అందరికిని తెలియును. నేను ఆ మెట్లమీద కూర్చుండి చదువుకొన్న దినములలో, ఒక రాతి అంచున ఉలి జారి పడిన సన్నని గీతయొకటి నా బొటనవ్రేలికి తగులుచుండెడిది. ఆ గీతయే నాకు వారి సంతకము.

ఈ భవనము ఇంకను పూర్తికాకమునుపే, 1938లో, నుమాయిషు పుట్టెను.

అప్పటి హైదరాబాదు సంస్థానము సుమారు 82 వేల చదరపు మైళ్ళు, 16 జిల్లాలు, తెలుగు మరాఠీ కన్నడ ప్రాంతములు మూడు, వీటన్నింటి మీద ఉర్దూ రాజభాష. ఇంత పెద్ద రాజ్యమున ఏ ఊర ఏ పని జరుగుచున్నది, ఆ పనిచేయువాడు ఏమి తిని బ్రతుకుచున్నాడు అను విషయమున సమగ్రమైన లెక్కలు లేకుండెను. ఎస్. కేశవయ్యంగారను అర్థశాస్త్రజ్ఞుడు 1929-30 సంవత్సరములలో కొన్ని గ్రామములను పరిశీలించి సంపుటములు ప్రకటించియుండెను. మిగిలినది చీకటియే. వరంగల్లులో 1934లో ఆజంజాహీ మిల్లు మొదలైనది. మిల్లుగుడ్డ చవుక యగుకొలది మగ్గములు మూలబడెను. చదువు ముగించి బయటికి వచ్చిన ఉస్మానియా పట్టభద్రులకు కొలువులు చాలవు. ఊళ్ళలో పనివారికి పని చాలదు. ఈ రెండు నిరుద్యోగములును ఒకదాని నొకటి చూచుకొనినపుడు పుట్టిన ఆలోచనయే, పట్టభద్రుల సంఘమువారు సంస్థానమంతటను ఆర్థిక పరిశీలన యొకటి జరుపవలెననుట. పరిశీలనకు ధనము కావలెను. ధనమునకు ప్రదర్శన పెట్టుదమనుకొనిరి. చేతనున్న మూలధనము రెండున్నర రూపాయలని ఆ సంఘమువారు నేటికిని అభిమానముతో చెప్పుకొందురు.

ప్రదర్శనకు వారు పెట్టిన పేరు "నుమాయిష్ మస్నూఆతె ముల్కీ". అనగా మన దేశమున తయారైన వస్తువుల ప్రదర్శనము. ఈ పేరులోని చివరి మాటయొద్ద ఒక నిమిషము ఆగవలెను. ముల్కీ యన్నది అప్పటికే హైదరాబాదులో నిప్పువంటి మాట. బయటినుండి వచ్చినవారికిని ఇక్కడివారికిని కొలువులకై జరిగిన తగవులలో ఆ మాట పుట్టి పెరిగెను. 1919నాటి నిబంధనలు ముల్కీ యెవడో నిర్ణయించెను. తరువాత 1952లో ఆ మాటమీద నగరమున కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 1969లో మా ఆవరణమునుండియే, ఆ ఆర్ట్సు కళాశాల ముంగిటినుండియే, ప్రత్యేక తెలంగాణ ఉద్యమము వెల్లువయై లేచినది. మనుష్యుల మీద పడినప్పుడు ఇంత వేడి పుట్టించు మాటను, ఆ 1938నాటి కుర్రవారు కుండమీద, చీరమీద, గొంగళిమీద, లోటామీద పెట్టిరి. ఇక్కడ పుట్టినవాడెవడు అని యడుగుటకు ముందు, ఇక్కడ చేసిన దేది అని వారడిగిరి. ఆ ప్రశ్న యెంత గంభీరమైనదో నేటికిని మనము పూర్తిగా గ్రహింపలేదని నాకు తోచును.

ప్రదర్శన బాగెఆంలో, అనగా నేటి పబ్లిక్ గార్డెన్సులో, పది దినములు జరిగెను. నిజాము స్వయముగా ప్రారంభించెను. ప్రపంచమున ఇట్టివి కొత్తవి కావు. 1851లో లండను స్ఫటికసౌధమున జరిగిన మహాప్రదర్శనలో వరంగల్లు తివాసీలు ఉండెను. వాటి కళాకౌశలమును దొరలు మెచ్చుకొనిరి. అయితే ఆ సౌధమునకు మన తివాసీ ఒక విజితదేశపు వింతవస్తువుగా పోయెను. బాగెఆం చెట్లక్రింద అది తన యింటి ముంగిట, తన పనివాడు పక్కన నిలిచియుండగా, తన భాషలో ధర చెప్పుకొనుచు నిలిచెను. రెండు ప్రదర్శనలకును ఇదియే భేదము.

ఆ అంగళ్ళలో నన్ను చిరకాలము వెంటాడినది బిదిరి. తుత్తునాగములో కొంచెము రాగి కలిపి కరగించి పోతపోసిన పాత్రను మొదట ఆకురాతితో నునుపుచేసి, మైలుతుత్తపు నీటితో తాత్కాలికముగా నల్లచేయుదురు. ఆ నలుపుమీద సన్నని ములుకుతో తీగెలు, పువ్వులు గీయుదురు. గీతవెంట ఉలితో చాలు తీసి, ఆ చాలులో వెండితీగెను పెట్టి చిన్న సుత్తితో కొట్టి కూర్చుదురు. పిదప మరల ఆకురాయి పెట్టునప్పటికి నలుపు పోయి, తెల్లనిదానిలో తెల్లనిది కలిసి, ఇంత పనియు కంటికి కనబడక మాయమైపోవును. చూచువానికి గుండె ఝల్లుమనును. అప్పుడు బీదరు కోటలో వానయెండలు సోకని చోటి పాతమన్ను తెచ్చి, నవాసాగరముతో నీటగలిపి, వెచ్చని పాత్రకు పూయగా, తుత్తునాగపు భాగమంతయు కాటుకవలె నల్లబడి, వెండి మాత్రము మబ్బులోని మెరుపువలె బయటపడును. తగిన మన్నేదో తెలియుటకు పనివారు చిటికెడు నాలుకపై వేసికొని చూతురు. నాయనమ్మ వాసన చూచినట్లే వారు రుచి చూచిరి. చేతిపని శాస్త్రము పుస్తకములలో లేక ముక్కునందును నాలుకయందును వ్రేలికొననందును నివసించుననుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

ఔరంగాబాదు హిమ్రూ, పైఠణు పట్టు, కరీంనగరపు వెండితీగెపని, పెంబర్తి ఇత్తడిపని, ఇట్లు ఎన్నియో ఆ సంస్థానపు చేతులనుండి వచ్చుచుండెను. ఒక్కొక్కదానికి ఒక్కొక్క గ్రంథము కావలెను.

నుమాయిషు 1946లో, మీర్జా ఇస్మాయిలు ప్రధానమంత్రిగా నున్న కాలమున, బాగెఆం చాలక నాంపల్లి మైదానమునకు మారెను. 1947, 1948 సంవత్సరములలో జరుగలేదు. ఆ రెండేండ్లలో హైదరాబాదు పడిన పాట్లు వేరుగా చెప్పవలసిన పనిలేదు. ఊళ్ళకు ఊళ్ళు అడవులపాలైన కాలమున ఎవడు మగ్గమెక్కును, ఎవడు బొమ్మకు రంగు వేయును? 1949లో గవర్నరు జనరలు రాజగోపాలాచారి చేతులమీదుగా మరల తెరచినపుడు దాని పేరు అఖిలభారత పారిశ్రామిక ప్రదర్శనముగా మారెను. ముల్కీ పోయి అఖిలభారతము వచ్చినది. దేశము ఒకటైన సంతోషములో ఆ మార్పు సహజమే. కాశ్మీరు శాలువలు, లక్నో చికనుపని, ఖుర్జా పింగాణి వచ్చి మన అంగళ్ళ సరసన నిలిచినవి. మా వంటివారు దేశమును తొలిసారి చూచినది ఆ మైదానముననే. ప్రజలు మాత్రము ఆ పొడుగు పేరును ఏనాడును పలుకలేదు. వారికి అది నాటికిని నేటికిని నుమాయిషే.

1956 నవంబరు 1వ తేదీన బీదరు మైసూరులోనికి, ఔరంగాబాదు బొంబాయిలోనికి పోయినవి. మేము నాయనమ్మతో చూచిన నాటికి స్వదేశపు వస్తువైన బిదిరి, మరుసటి యేడు మేము పోవునప్పటికి పొరుగురాష్ట్రపు వస్తువైనది. భాషారాష్ట్రములు కావలసినవే. నేను వాటిని మెచ్చువారిలో నొకడనే. అయినను ఆ యేడు నాయన బిదిరి అంగడి ముందర నిలిచి, "ఇది మనది కాదట" అని అమ్మతో మెల్లగా అన్నమాట నా చెవిలో నేటికిని ఉన్నది. చేయి మారలేదు, మన్ను మారలేదు, పటము మీది గీత మారినది.

నుమాయిషు ఆదాయము ఎచ్చటికి పోయినదో కూడ చెప్పవలెను. పరిశీలనకై మొదలైన ధనసేకరణము క్రమముగా విద్యాసంస్థల స్థాపనమునకు మళ్ళెను. సరోజినీనాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నికు, కస్తూర్బాగాంధి కళాశాల మొదలైనవి ఆ సొమ్ముతో నడచినవి. వాటిలో అధికభాగము ఆడపిల్లలకొరకు. మా అక్క చదువుకొన్నది వాటిలో నొకదానిలోనే. చింతపండు ఒలిచిన చేతులవారి మనుమరాండ్రు, నుమాయిషు టిక్కెట్టు సొమ్ముతో పుస్తకము పట్టిరి. ఆ పట్టభద్రులు తలచినది ఒకటి, ఫలించినది మరియొకటి. రెండును మంచివే.

అయినను నాకొక వెలితి. పనివాడు క్రమముగా అంగడినుండి తప్పుకొనెను. అమ్మువాడు వచ్చెను. వస్తువు ఉండును, దాని వెనుక చాపమీద కూర్చున్నవాడు ఉండడు. ధర యడిగిన చెప్పుదురు. ఎట్లు చేసినారని యడిగిన తెల్లమొగము వేయుదురు. 1938నాటి ఉద్దేశములో సగము అమ్మకమైనచో సగము పరిచయము. చేసినవానిని కొనువాడు కంటితో చూచుట, వాని ఊరి పేరు తెలిసికొనుట, వాని లెక్క దేశపు లెక్కలో చేరుట. ఆ రెండవ సగము లేని ప్రదర్శన ఎంత వెలిగినను నాకు వెలుగు చాలదు.

గడచిన చలికాలమున మా మనుమరాలిని తీసికొని పోయితిని. ఇప్పుడు తార్నాకలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, గాంధీభవనులో దిగిన చాలును. నాడు నాయన మమ్ములను లెక్కపెట్టుకొనుచు బస్సులెక్కించి దింపిన శ్రమ ఇప్పుడు లేదు. పదకొండేండ్ల పిల్లకు రాట్నము, చెరకురసము, మిర్చిబజ్జీ, గాజులు, అన్నియు కావలెను. అన్నింటిని చూపి, చేనేత అంగళ్ళ వరుసకు వచ్చితిమి. పోచంపల్లి చీరల అంగడిలో మధ్యవయస్కురాలొకతె కూర్చుండియుండెను. చీరమీది నమూనా అద్దినదా, అల్లినదా యని మా పిల్ల యడిగెను.

పోచంపల్లి పేరు చెప్పగానే మనకు 1951 ఏప్రిలు 18, వినోబాభావే, వెదిరె రామచంద్రారెడ్డి భూదానముగా ఇచ్చిన నూరెకరములు జ్ఞప్తికి వచ్చును. దానికంటె ముందుగనే ఆ ఊరికి మరియొక దానము అందినది. చీరాలలో అరబ్బుదేశములకై నేసిన తేలియా రుమాళ్ళ విద్య, ఆముదపు కాయల బూడిదయు నూనెయు పట్టించి నూలును ఎఱుపునకు సిద్ధపరచు విద్య, పోగులను చిటికి కట్టి రంగులో ముంచు విద్య, గడచిన శతాబ్దపు తొలినాళ్ళలో ఇటు వచ్చి చేరెను. ఇక్కడను చూడుడు, ఆముదపు కాయ బూడిద! మరల ఇంటి పెరటిలోని పారవేయదగిన వస్తువే.

ఆ ఇల్లాలు మా పిల్లను దగ్గరకు పిలిచి, "అద్దింది గాదమ్మా. నేసేటందుకు ముందుగాల్నే పోగుకు రంగు పడ్తది. దానికంటె ముందుగాల ఆసు పొయ్యాలె" అనెను. ఆసనగా నేమో పిల్లకు తెలియదు. అంగడిలో ఆసుచట్రము లేదు. అందుచే ఆమె గాలిలోనే చూపెను. ఎడమచేతి పిడికిలిని ఒక మేకుగా నిలిపి, ఎదుట అర్ధచంద్రాకారముగా మేకులవరుస యున్నట్లు కుడిచేతిని చాచి, లేని పోగును లేని మేకునకు తగిలించి, వెనుకకు తెచ్చి, మరల చాచి, తగిలించి, తెచ్చి, మాటలాడుచునే ఆ చేయి ఆడించుచుండెను. ఆ చేతికి కన్ను అక్కరలేదు. ప్రతిసారియు వ్రేళ్ళు ఒక వెంట్రుకవాసి ప్రక్కకు జరుగుచు, కానరాని మరుసటి మేకును సరిగా పట్టుకొనుచుండెను.

"ఒక చీరకు ఎన్నిసార్లు?" అని పిల్ల యడిగెను.

"తొమ్మిదివేలదాంక."

ఒక చీరకు సుమారు 9,000 పర్యాయములు చేయి పోయి రావలెను. దినమునకు రెండు చీరల ఆసు పోసినచో 18,000. ఆలేరు చెంతనున్న శారాజీపేటలో చింతకింది మల్లేశమను యువకుడు, తన తల్లి లక్ష్మి భుజములు మోచేతులు ఈ పనిచే నొచ్చిపోవుట చూడలేక, చదువు అంతగా లేకున్నను ఏడేండ్లు తంటాలుపడి, 1999లో ఆసుయంత్రమును నిలిపెను. దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చినది. యంత్రమనగానే చేతిపనికి శత్రువని తలచువారు ఈ యంత్రమును చూడవలెను. ఇది మగ్గమును తీసివేయలేదు, నేతగాని నేర్పును తీసివేయలేదు. తల్లి చేతినుండి నొప్పిని మాత్రము తీసివేసినది. మా తార్నాకలోనే 1944లో సంస్థానమువారు శాస్త్రపారిశ్రామిక పరిశోధనలకై కేంద్రప్రయోగశాల నెలకొల్పిరి. తరువాత అది గొప్ప జాతీయసంస్థగా పెరిగెను. అంతటి ప్రయోగశాలలున్న దేశమున, ఆసు పోయు అమ్మ నొప్పికి మందు ఒక కొడుకు పంచలోనే తయారుకావలసివచ్చినది.

ఆ ఇల్లాలియింట ఇప్పుడు యంత్రమున్నదట. "అయినా చెయ్యి మరువలేదమ్మా" అని నవ్వి, చీర మడత విప్పి, రంగు పోగునుండి పోగునకు కొంచెము జారి, నమూనా అంచు ఈకవలె చెదరియుండు చోటును మా పిల్ల వ్రేలితో తడిమించి చూపెను. అద్దకమైనచో ఆ చెదరుండదు. పిల్ల వంగి, ముక్కు దగ్గరకు తెచ్చి, వాసన కూడ చూచెను. ఎవ్వరును చెప్పలేదు.

చీకటిపడిన పిమ్మట మెట్రోలో తిరిగి వచ్చుచుంటిమి. అమీర్‌పేటలో మారినంతనే పిల్ల కిటికీ ప్రక్క కూర్చుండి, ఎడమ పిడికిలి బిగించి, కుడిచేతిని చాచి, గాలిలో ఆసు పోయుట మొదలిడి పెదవులతో లెక్కపెట్టుకొనుచుండెను. బేగంపేట దాటెను. ప్యారడైజు దాటెను. రెండువందల పదునాలుగుకడ, సికింద్రాబాదు ఇంకను రాకమునుపే, చేయి దించి, భుజము పట్టుకొని, తార్నాక వచ్చుదాక ఒత్తుకొనుచు మౌనముగా కూర్చుండెను.